మాజీ తెచ్చిన తీగ

ఈ మధ్య కొత్తగా పనిలో చేరిన మాలీలు ఒకరిద్దరు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "అన్నా, నీ చేతిమీద పెరిగిన వాటిల్లో గొప్ప చెట్టు ఏది?" అని అడుగుతుంటారు. బంగళా గేటు దగ్గరి పొగడ గురించో, పచ్చిక గురించో చెబుతానని వాళ్ల ఆశ. నేను ఒక తీగ గురించి చెబుతాను. దాన్ని నేను పెంచానని చెప్పుకోలేను. చంపినంత పని చేశాను. అది కూడా చేతకాక కాదు, తొందరలో. ఆ తర్వాత అబద్ధం చెప్పాను. మీరు రేపు ఎన్ని మొక్కలు పెంచుతారో నాకు తెలియదు కానీ, ఆ రెండో పని మాత్రం చేయకుండా ఉంటారేమోనని ఇది రాస్తున్నాను.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. మా నాయన ప్రతి ఏడూ వేరుశనగ విత్తి, వాన కోసం ఆకాశం చూస్తూ బతికాడు. నేను పదో తరగతి చదివి అనంతపురం వచ్చి, పెద్ద ఆఫీసర్లుండే బంగళాల్లో తోటమాలినయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. ఊరికి పోయినప్పుడల్లా మా నాయన, "నీ పంటే మేలప్పా, కుళాయి తిప్పితే వాన" అనేవాడు. ఆయన ఎగతాళి చేశాడో, సంతోషించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నా రిటైర్మెంటుకు ఇంకా అయిదారేళ్లు ఉన్నాయనగా మా బంగళాకు ఒక ఆఫీసరమ్మ వచ్చింది. హిమాలయాల పక్క మనిషి. పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకుంది. నాతో కూడా "దయచేసి గులాబీలకు నీరు పోయండి" అని మాట్లాడేది. వినడానికి రేడియోలో వార్తలు విన్నట్టుండేది. మంచి మనిషి. పొద్దున ఎనిమిదికి పోతే ఎప్పుడొస్తుందో తెలియదు.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే మా డ్రైవరు గేటు దగ్గరికి వచ్చి, "మాజీ వస్తాండారప్పా. నేను స్టేషనుకు పోతాండా. వెనక గది కిటికీలు తీసి పెట్టు" అన్నాడు. డ్రైవరు రాప్తాడు మనిషి, నా ఈడువాడే. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి.

"ఏం మాజీ భాయ్? మాజీ ఆఫీసరా, మాజీ మంత్రా?" అన్నాను. మన కాగితాల్లో మాజీ అంటే పదవి పోయినవాళ్లే కదా.

భాయ్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. "మేడమ్ వాళ్లమ్మప్పా! వాళ్ల పక్క అమ్మను అట్ల పిలుస్తారు."

డెబ్బై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి. నెల ముందు వాళ్ల ఊళ్లో మంచు మీద జారిపడి కుడి మణికట్టు విరిగిందట. ఆ కొండ మీద ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇక కూతురు ఒప్పుకోక తెచ్చుకుంది. చేతికి పిండికట్టుంది. ఎడమ చేత్తో ఒక నూనె డబ్బాను ఒడిలో పట్టుకుని కారు దిగింది. రెండు రాత్రుళ్లు రైల్లో దాన్ని కింద పెట్టలేదని భాయ్ చెప్పాడు. డబ్బాలో మట్టి, తడి గుడ్డ, మూడో నాలుగో ఎండు పుల్లలు ఉన్నాయి.

పెట్టెలన్నీ లోపల పెట్టాక నేను ఆ డబ్బాను తీసుకుపోయి పెరట్లో చెత్తకుండీ పక్కన పెట్టాను. దారిలో ఎండిపోయిందనుకున్నాను. పావుగంట తర్వాత లోపలినుంచి కేక వినిపించింది. ఆమె చెప్పుల్లేకుండా పెరట్లోకి వచ్చి, డబ్బా చూసి, నన్ను చూసి, ఒక పుల్లను గోటితో కొంచెం గీకింది. లోపల పచ్చగా ఉంది. చలికాలంలో ఆ జాతి తీగ ఆకులన్నీ రాల్చి ఎండిపోయినట్టే ఉంటుందట. ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు ఆ సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నాకు ఒళ్లు బరువైంది. "సరే" అని తలూపాను.

భాయ్ ఫోనులో వెతికి దాని పేరు చదివాడు. క్లెమాటిస్. మా వంటామెకు అది "కలెక్టరు తీగ" అని వినిపించింది. చివరిదాకా అందరం అదే పేరుతో పిలిచాం. వంటామెది ధర్మవరం, మగ్గాల ఇంటి ఆడబిడ్డ. నాకంటే పెద్దది, అక్కా అనేవాణ్ణి.

మాజీకి తెలుగు రాదు. నాకు హిందీ రాదు. భాయ్ దగ్గర, మార్కెట్లో సాయిబుల దగ్గర విని నేర్చుకున్న తురక మాటలు కొన్ని వచ్చు. ఆమె నన్ను మాలీజీ అని పిలిచేది. ముప్పై ఏళ్లలో నన్ను జీ అని పిలిచిన మొదటి మనిషి ఆమె. మొదటి రోజే మా ఇద్దరికీ గొడవైంది. ఆమె గుంట లోతుగా తీయమంటుంది. నేను వద్దంటాను. మన గరుసు నేలలో మొక్క మెడదాకా పూడిస్తే కుళ్లిపోతుందని నా లెక్క. ఆమె డబ్బా దగ్గర కూర్చుని తన మోకాళ్ల దాకా చూపించి "నీచే ఠండా" అంది, నెత్తి చూపించి "ఊపర్ ధూప్" అంది. కాళ్లు చల్లగా, తల ఎండలో. అట్లయితేనే ఆ తీగ బతుకుతుందట. రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్టు పాతమంది. విరిగిన చేయి కదా, ఆమె చేతులు కూడా నేనే. ఆమె చెప్పినట్టే పాతాను. కుళ్లితే నా తప్పు కాదులే అనుకున్నాను.

ఇంటి తూర్పు గోడ పక్కన చోటు ఎంచుకుంది. మధ్యాహ్నం దాటితే అక్కడ గోడ నీడ పడుతుంది. మొదలు దగ్గర ఒక తాడిపత్రి బండ ఏటవాలుగా నిలబెట్టించింది. నేను ఊరికి పోయినప్పుడు రెండు మూటల వేరుశనగ పొట్టు తెచ్చి మొదలు చుట్టూ మందంగా పరిచాను. అది నా సొంత ఆలోచన. ఆమె పొట్టు కింద వేలు పెట్టి చూసింది. మట్టి చల్లగా తగిలింది. "వాహ్, మాలీజీ" అంది. నేను ఆ పొద్దంతా ఈల వేస్తూ పనిచేశాను.

జనవరిలో చిగుళ్లు వచ్చాయి. ఎక్కడానికి లావుపాటి వెదురు బొంగు పాతాను. తీగ దాన్ని పట్టుకోలేదు. ఆ తీగ కాండంతో చుట్టుకోదు, ఆకు కాడతో మెలిక వేస్తుంది. ఆకు కాడ ఎంతుంటుంది? దారమంత సన్నటిదైతేనే పట్టు దొరుకుతుంది. మాజీ తన చీర కొంగులోంచి పోగు పీకి చూపించింది. వంటక్క అది చూసి, ఆదివారం ధర్మవరం పోయి, మగ్గం మీద మిగిలిపోయిన పట్టు పోగులు ఒక సంచీ తెచ్చింది. "సీరెకు పనికిరానివిలే, దీనికన్నా పనికొస్తాయి" అంది. ఎరుపు, ఆకుపచ్చ, మామిడి పండు రంగు పోగుల్ని గోడకు మేకులు కొట్టి వేలాడదీశాం. వారం తిరిగేసరికి ఆ లేత కాడలు పట్టు పోగుల్ని మెలిపెట్టుకుని పైకి పాకుతుంటే, మేడమ్ కూడా ఆఫీసుకు పోతూ ఆగి చూసేది.

మాజీ పగలంతా దాని దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఉన్న ఊరు వదిలి వచ్చిన మనిషి. ఎవరితోనూ మాటల్లేవు, తెలిసిన మొహం లేదు. చలికాలం కూడా ఆమెకు ఎండాకాలమే. అయినా తీగకు ఒక ఆకు వచ్చినప్పుడల్లా ఆమెకు మాట వచ్చేది. వంటక్క దగ్గర కూరగాయలు తరుగుతూ ఒక్కొక్క తెలుగు మాట నేర్చుకుంది. ఫిబ్రవరి ఆఖరులో మొగ్గలు కనిపించాయి. నాలుగు మొగ్గలు, బాణం మొనల్లాగా. ఆమె ఫోను పట్టుకుని ఆ కొండల్లోనే ఉన్న చెల్లెలికి వీడియోలో చూపించింది. చెల్లెలు అటు నుంచి ఏదో అంది. మాజీ నవ్వుతూ జవాబు చెప్పింది. ఏమంటున్నారని భాయ్‌ను అడిగాను. "ఆ ఎండల ఊర్లో నువ్వే బతకవు, నీ తీగేమి బతుకుతాది అనిందంట సెల్లెలు. ఇప్పుడు సూడు, ఇద్దరం బతికినాం అంటాండాది ఈమె."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. గుర్తుండీ చేసిన పని కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మార్చి మొదటి వారం. మా చిన్నాయన కూతురి పెళ్లి. నేను పన్నెండున్నర బస్సుకు ఉరవకొండ పోవాలి. మామూలుగా తీగకు పొద్దున ఏడులోపు, మళ్లీ సాయంత్రం పొద్దు వాలాక నీళ్లు పెట్టేవాణ్ణి. ఆ రోజు పొద్దున మేడమ్ కోసం ఎవరో పెద్దవాళ్లు వస్తే కుర్చీలు, షామియానా పనిలో పడి నీళ్లు పెట్టడం కుదరలేదు. సాయంత్రం నేనుండను. సరే, పోయే ముందు పెట్టి పోదామనుకున్నాను. పన్నెండు దాటింది. భాయ్ బస్టాండులో దింపుతానని కారు తీసి హారన్ కొడుతున్నాడు. "రాప్పా, బస్సు పోతాది!"

రబ్బరు పైపు పొద్దుటినుంచి సిమెంటు నేల మీద ఎండలో పడుంది. అనంతపురంలో మాలీ పని చేసేవాడికి మొదట నేర్పేది ఇదే. ఎండలో పడున్న పైపులో నిలిచిన నీళ్లు టీ కాచుకునేంత వేడిగా ఉంటాయి. కుళాయి తిప్పి, ఆ నీళ్లు ఖాళీ స్థలంలో పోనిచ్చి, చేయి పెట్టి చూసి, చల్లబడ్డాకే మొక్కకు పెట్టాలి. నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎందరికో నేనే చెప్పాను. ఆ రోజు పైపు కొసను బండ కింద, తీగ మొదట్లో పెట్టి, కుళాయి తిప్పి, చొక్కా మార్చుకోవడానికి పరుగెత్తాను. తిరిగి వచ్చి కుళాయి కట్టేస్తుంటే పైపు జాయింటు దగ్గర కారిన నీళ్లు నా పాదం మీద పడ్డాయి. అప్పటికీ కాలింది. అప్పుడు నాకు తెలిసిపోయింది. పొట్టు కింద నుంచి లేచే వేడి ఆవిరి కూడా ముక్కుకు తగిలింది. అయినా పోయి కారెక్కాను. ఏమీ కాదులే అని బస్సులో కూర్చుని నాకు నేను చెప్పుకుంటూ పోయాను.

రెండు రోజుల తర్వాత వచ్చేసరికి తీగ మొత్తం వాలిపోయింది. ఆకులు ఉడికిన పాలకూరలా వేలాడుతున్నాయి. మొగ్గలు నల్లబడ్డాయి. మాజీ కుర్చీలో కూర్చుని పట్టు పోగుల్ని చూస్తూ ఉంది. నన్ను చూడగానే లేచి, "మాలీజీ, క్యా హువా? ఏమయింది?" అంది.

నేను వంగి, ఆకు పట్టి చూసి, కాడ విరిచి చూసి, పెద్ద డాక్టరులా తలాడించాను. "నేల పడలేదు మాజీ" అన్నాను. ఆమెకు అర్థం కావాలని తురకలో కూడా చెప్పాను. ఈ మిట్టీ దానికి పడదు, ఈ ధూప్ దానికి పడదు, బయటి ప్రాంతం మొక్క కదా అన్నాను.

తోటమాలికి ఉన్నంత వీలు ఇంకే ఉద్యోగికీ ఉండదు. గుమాస్తా తప్పు చేస్తే కాగితంలో దొరుకుతుంది. డ్రైవరు తప్పు చేస్తే బండికి సొట్ట పడుతుంది. మా తప్పుకు ఎండ ఉంది, ఉప్పు నీళ్లున్నాయి, చెదలున్నాయి, గరుసు నేల ఉంది. నా నౌకరీలో చచ్చిన ప్రతి మొక్కకూ వీటిల్లో ఏదో ఒకటి కారణంగా చెప్పి నెట్టుకొచ్చాను. ఎవరూ మారు మాట అడగలేదు. మాజీ కూడా అడగలేదు. మెల్లగా తలూపి, "హా, సచ్ హై" అని లోపలికి పోయింది. నిజమే అని.

మరుసటి రోజు కుర్చీ బయటికి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

అయిదారు రోజులకు వంటక్క నేను అన్నం తింటున్న చోటికి వచ్చి కూర్చుంది. "పెద్దామె సరిగ్గా తినేది లేదప్పా. గిన్నెలో పెట్టింది పెట్టినట్లే ఉండాది. మేడమ్ అడిగితే, నేను మా ఊరికి పోతా అంటాండాది. ఆడి నేల మొక్క ఈడ బతకల్యా, నేనెట్ల బతుకుతా అంటాండాది. తల్లీబిడ్డలు ఇద్దరూ ఏడుస్తాండారు. నాకు సూడబుద్ధి కాలేదు."

"ఊళ్లో ఆమెకు ఎవరుండారక్కా?"

"యాడప్పా, సెల్లెలు ఇంగో ఊర్లో. ఈమెది కొండ మీద ఇల్లంట, నూరు మెట్లంట. సెయ్యి ఇంకా సరిగ్గా మడవను కూడా రాదు. టిక్కెట్టు తీయమంటాండాది."

కంచం పక్కకు పెట్టాను. నేను చెప్పిన ఒక్క అబద్ధాన్ని ఆమె తీసుకుపోయి తన మీద వేసుకుంది. నేల పడలేదన్నది తీగ గురించి చెప్పాను. ఆమె తన గురించి విన్నది.

ఆ సాయంత్రం మేడమ్ ఆఫీసు నుంచి తొందరగా వచ్చింది. నన్ను పిలిచి, ఆ పుస్తకం తెలుగులోనే, "ఆ తీగను బ్రతికించుటకు ఏ మార్గమూ లేదా?" అని అడిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాకు అక్కడే చెప్పేయాలనిపించింది. నోరు తెరిచాను. "చూస్తాను మేడమ్" అని వచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు భయం. ఈ బంగళాకు ఎవరొచ్చినా నన్ను చూపించి, ఈయన చేయి పడితే ఎండుకట్టె కూడా చిగురిస్తుందని చెప్పేవారు. ఆ పేరు పోతుందని భయం. ఆ వయసులో నా దగ్గర ఉన్నది ఆ పేరొక్కటే.

భాయ్ కారు కడుగుతున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ పొద్దు నేను సూసినా రా."

"ఏం సూసినావు?"

"నువ్వు కారెక్కినంక కాలు రుద్దుకుంటాంటివి. పాదం ఎర్రగా ఉండె. ఏమయిందని అడిగితే ఏం లేదంటివి. పైపు యాడ పెట్టినావో కూడా సూసినా." గుడ్డ పిండి మళ్లీ తుడవసాగాడు. "నేను సెప్పొచ్చు. మేడమ్‌కు ఒక్క మాట. సెప్పలే. అది నీ నోట్లో నుంచి రావల్ల."

"ఏమని సెప్పేది భాయ్? ముప్పై ఏండ్ల మాలీకి పైపు పట్టుకునేది రాలేదనా?"

"అదే సెప్పు" అన్నాడు. "ఆ ముసలామె అంత దూరం పోయి ఒక్కతే మెట్లెక్కేదాని కంటే అది మేలు గదా."

మర్నాడు శనివారం. పొద్దున పదకొండయింది. మాజీ వెనక వసారాలో కూర్చుని ఎడమ చేత్తో ఉన్ని శాలువాలు మడత పెడుతోంది. అనంతపురంలో మార్చి నెలలో ఉన్ని శాలువాలు బయటికి తీశారంటే ప్రయాణానికే. నేను మెట్టు కింద నిలబడ్డాను. రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మాజీ" అన్నాను. "మిట్టీ నై మారీ. మైచ్ మారా."

నేల చంపలేదు, నేనే చంపాను.

ఆమె శాలువా కింద పెట్టింది. మళ్లీ చెప్పమంది. నేను చెప్పాను. పైపు, ఎండ, గరం పానీ, షాదీ, బస్సు, ఉన్న మాటలన్నీ వాడేశాను. నా పాదం మీద పొక్కి ఆరిన మచ్చ చూపించాను. "మీరు మంచి జాగాలోనే పెట్టినారు. మీ తప్పు ల్యా. ఈ ఊరి తప్పు ల్యా" అని తెలుగులో చెప్పి, ఇక చేతకాక నిలబడ్డాను.

ఆమె లేచి నేరుగా కుళాయి దగ్గరికి నడిచింది. పైపు ఎండలో పడుంది. కుళాయి తిప్పి, కొస ఎత్తి, ఎడమ అరచేయి కింద పెట్టబోయింది. వద్దు మాజీ అని పోయి పట్టుకునేలోపే నాలుగు చుక్కలు పడ్డాయి. చేయి వెనక్కి లాక్కుంది. కాసేపు అరచేయి చూసుకుంది. పైపు కిందపడేసి నా వైపు తిరిగింది.

ఆ తర్వాత ఆమె నన్ను తిట్టిన తిట్లు నా జీవితంలో ఎవరూ తిట్టలేదు. హిందీ కూడా కాదు, వాళ్ల కొండ భాష. ఒక్క మాట అర్థం కాలేదు, అంతా అర్థమయింది. వంటక్క గరిటెతో సహా బయటికి వచ్చేసింది. భాయ్ గేటు దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చి, వినీవినగానే ఒక స్తంభం వెనక్కి పోయాడు. మేడమ్ లోపలి నుంచి వచ్చి గడపలోనే ఆగిపోయింది. వారం రోజులుగా గొంతే వినిపించని తల్లి పెరట్లో నిలబడి, చెయ్యి ఊపుతూ మాలీని కడిగేస్తోంది. నేను తలొంచుకుని నిలబడ్డాను. నిజం చెబుతున్నాను, అంతకంటే హాయైన తిట్లు నేనెప్పుడూ పడలేదు. ఆ మొహంలో మళ్లీ రక్తం కనిపించింది.

తిట్టడం అయిపోయాక ఆయాసపడుతూ, "ఖురపీ" అంది. నేను దోకుడుపార తెచ్చాను. తీగ దగ్గర నేల మీద కూర్చుంది. పొట్టు పక్కకు తీయించింది. బండ జరిపించింది. నేను తవ్వుతుంటే, కాదని చేత్తోనే మట్టి తీయమంది. పైన ఉన్న వేళ్లు మెత్తగా, తోలు ఊడి వస్తున్నాయి. నాకు ఇక తవ్వాలనిపించలేదు. ఆమె ఆగలేదు. ఇంకో జానెడు లోతుకు పోయాం. వేడి నీళ్లు అంత దాకా దిగలేదు. అక్కడ మట్టిలో ఉన్న కణుపు దగ్గర ఆమె గోరు ఆగింది. ఒంగి చూశాను. బియ్యపు గింజంత తెల్లటి మొలక. ఆమె లోతుగా పెట్టమని కొట్లాడిన కణుపు అది.

ఆమె ఆ మట్టిని తన చేత్తోనే మళ్లీ కప్పింది. కూతురి వైపు చూసి ఏదో అంది. మేడమ్ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. భాయ్ స్తంభం వెనక నుంచి వచ్చి నా చెవిలో చెప్పాడు. "ఇది పైకొచ్చేదాకా పోనంట. ఈ మనిషిని నమ్మి ఇడిసిపెట్టి పోలేనంట."

ఆ ఎండాకాలం ఎట్లా గడిచిందో నాకూ ఆమెకూ తెలుసు. ఎండిన తీగంతా నేల దాకా కత్తిరించేశాం. మొదలు మీద గోనెసంచి తడిపి కప్పేవాళ్లం. పైపు వాడకం మాన్పించింది. కుండలో నీళ్లు పెట్టి, తను వేలు ముంచి చూసి సరే అంటేనే నేను పోయాలి. ఆ పరీక్ష రోజూ ఉండేది. నాకు కోపం రాలేదు, వచ్చే హక్కు లేదు. ఏప్రిల్ పోయింది. మే నెలలో మా వాళ్లకే ఊపిరాడదు, ఆమె తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వచ్చి గోనెసంచి తీసి చూసేది. ఏమీ లేదు. మళ్లీ కప్పేది. మధ్యలో రెండుసార్లు నాకు నమ్మకం పోయింది. ఆమెకు పోయిందో లేదో తెలియదు, అడగలేదు.

జూన్‌లో ఒక వాన పడ్డాక మొలక పైకొచ్చింది. అప్పటికి ఆమె మణికట్టు నయమయింది. తెలుగు కూడా వచ్చేసింది. అయితే కూతురిది పుస్తకం తెలుగు, తల్లిది వంటక్క దగ్గర నేర్చిన తెలుగు. మేడమ్, "అమ్మా, భోజనానికి రండి" అని సరదాగా తెలుగులో పిలిస్తే, మాజీ లోపలినుంచి, "వస్తాండా, ఉండు" అనేది. నాలుగు వీధులవతల పూల అంగడి ఆమెతో, చెప్పులు కుట్టే ఆయనతో నిలబడి మాట్లాడి వచ్చేది. ఊరికి పోతానన్న మాట మళ్లీ ఎవరూ వినలేదు.

మరుసటి జనవరిలో తీగ పూసింది. అయిదు పూలు. వంకాయ పువ్వు రంగు, కొంచెం వెలిసినట్టు. వాళ్ల ఊళ్లో అరచేయంత పూస్తుందట. ఇక్కడ తమలపాకు లేత ఆకంత. బంగళాలో పనిచేసే అందరం పోయి చూశాం. మాజీ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మా ఊర్లో దీన్ని పువ్వనరప్పా" అంది. అంటూనే చెల్లెలికి ఫోను కలిపింది.

ఆ తర్వాత రెండేళ్లకు మేడమ్‌కు బదిలీ అయింది. తీగను తవ్వి డబ్బాలో పెట్టిస్తానన్నాను. మాజీ వద్దంది. ఉన్న చోట ఉండనీ, కదిలిస్తే దానికి కష్టం అంది. పోయేరోజు వంటక్కను పట్టుకుని ఏడ్చింది. నాతో మాత్రం పైపు గురించి ఇంకోసారి చెప్పి కారెక్కింది.

తీగ ఇంకో వేసవి బతికింది. నేను రిటైరవ్వడానికి ముందు ఏడాది వానలు సరిగా పడలేదు. బంగళా బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు వంటకూ స్నానానికే చాలేవి కాదు. నేను ఇంటి నుంచి రెండు డబ్బాల నీళ్లు సైకిలుకు కట్టుకుని తెచ్చి పోశాను. చాలలేదు. ఈసారి లోతుగా తవ్వి చూశాను. జానెడు కింద కూడా కణుపు ఎండి, గీకితే పొడి రాలింది.

ఆ పొద్దే ఫోను చేశాను. వాయిదా వేస్తే మళ్లీ నోటికి ఏదో ఒక కథ వస్తుందని నాకు నా మీదే అనుమానం.

"మాజీ, తీగ పోయింది" అన్నాను. "బోరు ఎండింది. నేను ఇంటి నుంచి నీళ్లు తెచ్చినా గానీ చాలలేదు. ఇంకా ముందు నుంచి తేవల్సింది. ఆలస్యం చేసినా."

అవతల ఫాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"మొత్తం పోయిందా? తవ్వి చూసినావా?"

"చూసినా మాజీ. ఏమీ మిగల్యా."

"సరే" అంది. "ఆడ ఇప్పుడు ఏం పెడ్తాండావప్పా?"

ఆ సంగతి నేను ఆలోచించలేదు. ఆ మాటే చెప్పాను.

"ఆలోచించి పెట్టుకో. పొద్దున మళ్లీ అడుగుతా" అని ఫోను పెట్టేసింది.

మర్నాడు నేను ఇంకా పళ్లు తోముకోలేదు, ఫోను మోగింది.